విందయ్యాక తీసిన ఫోటోలో పొట్టేలు

మా స్టూడియోకు చాలా దయ్యాలు వచ్చాయి. అన్నింటినీ నేనే వెళ్లగొట్టాను.

పెళ్లికూతురి తల చుట్టూ తెల్లటి గుండ్రాలు తేలుతున్నాయని, చనిపోయిన నాయనమ్మ దీవించడానికి వచ్చిందని ఒకావిడ ఏడ్చుకుంటూ ఆల్బం తెచ్చింది. ఫంక్షన్ హాలు ఊడవకుండా పెళ్లి చేస్తే ఫ్లాష్ వెలుగులో దుమ్ము అట్లాగే మెరుస్తుందని చెప్పి పంపించాను. ఇంకొకరింట్లో కిటికీ దగ్గర తెల్లచీర మనిషి కనబడింది. అది కర్టెన్. ఒక బారసాల ఫోటోలో తండ్రికి మూడో చెయ్యి వచ్చింది. వెనక నిలబడ్డ మేనమామను పిలిపించి, ఆయన చెయ్యి ఆయనకు అప్పజెప్పాను.

తాండూరులో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. మాది కందిపప్పు వ్యాపారం చేసుకునే కుటుంబం. మా నాన్న నన్ను కాటా ముందు కూర్చోబెట్టాలని చూశాడు, నేను పోయి కెమెరా వెనక నిలబడ్డాను. అందుకే ఊళ్లో అందరూ నన్ను ఫోటో శేటు అంటారు. మా ఇంట్లో మాంసం ముట్టరు, నేను కల్లు కూడా తాగను. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానంటే, నేను చెప్పబోయే రోజున ఆ వాకిట్లో మాంసం తినని, కల్లు తాగని మనిషిని నేనొక్కడినే. సాక్షిగా నాకున్న అర్హత అదే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. డిజిటల్ కెమెరా తీసే ఫోటో కడుపులో బొమ్మ ఒక్కటే ఉండదు. ఏ రోజు తీశారు, ఏ సమయానికి తీశారు, ఏ కెమెరా, ఏ లెన్సు, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఫ్లాష్ వెలిగిందా లేదా, అన్నీ రాసి ఉంటాయి. ఫోనుతో తీస్తే ఏ ఊళ్లో నిలబడి తీశారో కూడా చాలాసార్లు ఉంటుంది. పైకి కనబడదు, తెరిచి చూడాలి. దాన్ని మెటాడేటా అంటారు. నేను ఫోటో జాతకం అంటాను, ఎందుకంటే జాతకం అనగానే గిరాకీలు కాస్త మర్యాదగా వింటారు. నిన్ననే దిగానని ఒక పెళ్లికొడుకు పంపిన ఫోటో, నిజానికి అతని తల మీద జుట్టున్న రోజుల్లోదని ఆ జాతకమే బయటపెట్టింది. మనుషులు అబద్ధమాడతారు గానీ ఫోటో ఆడదని నేను పదిమందికీ చెబుతూ తిరిగేవాణ్ణి.

కుర్మోళ్ల ఎల్లయ్య, గొర్లు కాసే తమ కులానికి దేవుడైన బీరప్ప పండుగకు నన్ను పిలిచాడు. బషీరాబాద్ దగ్గర పల్లె వాళ్లది. తాతల నుంచీ గొర్ల మంద, ఇప్పుడు కొంచెం కంది చేను కూడా ఉంది. అతని అక్క సాయమ్మను కోట్‌పల్లి దగ్గర నర్సింహులుకు ఇచ్చారు. ఆ పండుగకు అక్కా బావా ఇద్దరూ వచ్చారు. నేను మాంసం తిననని తెలిసి సాయమ్మ నా కోసం వేరే పొయ్యి రాజేసి, వేరే గిన్నెలో పప్పు, వంకాయ కూర వండింది. అంతమంది చుట్టాల మధ్య ఒక ఫోటోగ్రాఫర్ కడుపు గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే.

బీరప్పకు మొక్కిన పొట్టేలును ఏడాది ముందే వదిలేస్తారు. దాన్ని ఎవరూ కొట్టరు, అమ్మరు. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి చుక్క ఉండటంతో దాన్ని సుక్కడు అని పిలిచేవాళ్లు. ఎడమ చెవి కొన చీలి ఉంటుంది. అదే చెవికి పశువుల డాక్టరు బిగించిన పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద నంబరు. మేయడం, పొడవడం తప్ప దానికి వేరే పని లేదు కాబట్టి ఒక మోస్తరు దూడంత పెరిగింది.

పండుగ రోజు దాని వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. పొట్టేలు ఒళ్లు జలదరించి నీళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు, దాన్నే పొట్టేలు ఇచ్చింది అంటారు. విదిలించేదాకా కత్తి పట్టకూడదు. దాన్ని పట్టుకుని నిలబడే బాధ్యత ఇంటి అల్లుడిది, అంటే నర్సింహులుది.

నీళ్లు పోశారు. సుక్కడు కదల్లేదు. మళ్లీ పోశారు. పూజారి భుజం మీది తువ్వాల అందుకుని తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. డప్పులు కొట్టేవాళ్లకు చేతులు నొప్పి పుట్టాయి. మసాలా నూరిన ఆడవాళ్లు చేతులు కడుక్కుని కూర్చున్నారు. కల్లు కుండల మూతలు అప్పటికే తీసేశారు. ఉన్ని దట్టంగా ఉంది, నీళ్లు తోలుదాకా దిగట్లేదని ఒక ముసలాయన పట్టుబడితే ఎవరో ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తెచ్చి కుమ్మరించారు. పొట్టేలుకు హాయిగా ఉన్నట్టుంది, కళ్లు మూసుకుంది.

చివరికి నర్సింహులు వంగి దాని చెవిలో గట్టిగా ఊదాడు. చెవి టప్పున ఆడింది.

"ఇచ్చింది! ఇచ్చింది!" అని వాకిలంతా అరిచింది. ఆకలి మీదున్న జనానికి అంత చాలు.

ఆ సమయంలో నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. నీటి తుంపరలు గీతల్లా పడాలని షట్టర్ నెమ్మదిగా పెట్టాను. పొట్టేలు నిజంగా ఒళ్లు విదిలిస్తే ఆ ఫోటోల్లో మసకబారిపోవాలి. అన్నింట్లోనూ బండరాయిలా స్పష్టంగా ఉంది, చెవి కొన మాత్రం కొంచెం చెదిరింది. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బీరప్పకూ కుర్మోళ్లకూ మధ్య వ్యవహారంలో కందిపప్పు శేటుకేం పని?

కోయడానికి దాన్ని గోడ అవతలికి తీసుకుపోయారు, నేను వీధిలోకి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి తలను దేవుడి ముందు ఆకులో పెట్టి, దాని మొహం నిండా పసుపూ కుంకుమా మెత్తారు. ఆ తర్వాత వంట, విందు. అందరూ తిన్నారు. నేను నా పప్పన్నం తిన్నాను. చేతులు కడుక్కుని వస్తుంటే ఎల్లయ్య ఇంటివాళ్లందరినీ దేవుడి ముందు నిలబెట్టి గ్రూప్ ఫోటో తీయమన్నాడు. వెంటవెంటనే రెండు తీశాను. గ్రూప్ ఫోటో తీసేటప్పుడు ఫోటోగ్రాఫర్ చూసేది కళ్లు మూసుకున్నవాళ్లను మాత్రమే. ఇంకేమీ కనబడదు.

ఇంటికొచ్చి ఆల్బం చేసేటప్పుడు మాత్రం చూశాను. మనుషుల వెనక, కుడివైపు గోడ దగ్గర ఒక పొట్టేలు నిలబడి ఉంది. గొర్లు కాసేవాళ్ల ఇంట్లో పొట్టేలు కాక ఒంటె నిలబడుతుందా అనుకున్నాను. ఫ్రేములో బాగానే కుదిరిందని దాని రంగు కొంచెం పెంచాను కూడా. రెండో ఫోటోలో ఒకరు కళ్లు మూసుకున్నారు, వెనక పొట్టేలు కదిలిపోయి పాడైంది, దాన్ని పక్కన పెట్టేశాను. మొదటి దాంట్లో ఎడమవైపు బకెట్లు, విస్తళ్లు, దేవుడి ముందు తల అన్నీ పడ్డాయి. ఆల్బంలో తెగిన తలలు పెట్టడం నాకు ఇష్టముండదు. ఆ వైపంతా కత్తిరించి, మిగిలింది పెద్ద సైజులో వేసి ఇచ్చాను, ఫోనుకు కూడా పంపాను.

గొడవ అక్కడే మొదలైంది.

ఒక రోజు పొద్దున షటర్ ఎత్తేసరికి ఎల్లయ్య, నర్సింహులు, సాయమ్మ, వాళ్ల కులపెద్ద పెంటయ్య బయట నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటే జలపాతం బొమ్మ ఉన్న పరదా ముందు వరసగా కూర్చున్నారు. నవ్వమంటే నవ్వేలా ఎవరూ లేరు.

"శేటూ, గీ ఫోటో ఎన్నడు తీసినవో జర చెప్పు" అని ఎల్లయ్య ఫోన్ ముందుకు పెట్టాడు. "గిది మా సుక్కడు. నుదుట సుక్క చూడు. చీలిన చెవు చూడు. బిళ్ల మీద నంబరు చూడు, మా కాయిదాల గదే ఉన్నది. ఫోన్ల జూస్తె పండుగ అయినంక రెండు వారాలకు దిగినట్టు చూపెడుతున్నది. మరి మేం తిన్నది ఎవల పొట్టేలు?"

అతని లెక్క సులువే. సుక్కడిని పట్టుకుని గోడ అవతలికి తీసుకుపోయింది నర్సింహులు. దేవుడి పొట్టేలు బతికే ఉందంటే, అక్కడ ఏదో బక్క పొట్టేలును కోయించి దీన్ని దాచాడన్నమాట. కోసిన ఇద్దరినీ అడిగారట. పొట్టేలునే కోశామన్నారట. ఏ పొట్టేలురా అంటే, నాలుగు కాళ్లది అన్నారట. కల్లు వాళ్లను అంతకన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోనివ్వలేదు.

నర్సింహులు తల దించుకుని కూర్చున్నాడు. "బీరప్ప మీద ఒట్టు శేటూ, నేను ఏం ఎరుగ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇలాంటి కేసు కోసమే పుట్టినట్టు కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోన్ల మధ్య ఒకరి నుంచి ఒకరికి పంపుకుంటే ఫోటో జాతకం మామూలుగా ఊడిపోతుందని, అప్పుడు ఫోన్ తనకు అందిన తారీఖు చూపిస్తుందని వివరించాను. "ఇది ఫోటో పుట్టిన తారీఖు కాదు ఎల్లయ్యా, మీ ఇంటికి కాపురానికొచ్చిన తారీఖు" అన్నాను. నా కంప్యూటర్‌లో ఉన్న ఆల్బం ఫైలు తెరిచి వివరాలు చూపించాను. పండుగ రోజే.

నర్సింహులు లేచి నిలబడ్డాడు. "సూసినవా బామ్మర్దీ! పండుగ నాడే. కొయ్యకముందు దిగినం గావొచ్చు!"

నేను అక్కడితో నోరు మూసుకోవలసింది. కానీ చేతిలో జాతకం తెరిచి ఉంటే ఏ పంతులు సగంలో ఆపుతాడు? వేలు కింది గీత మీదికి జారింది.

"కాదు కాదు, మధ్యాహ్నం. భోజనాలయ్యాక" అన్నాను.

ఎల్లయ్య ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అంటె, మేం తిన్నంక గూడ సుక్కడు బతికే ఉన్నడు" అన్నాడు ఎల్లయ్య. తర్వాత బావ వైపు తిరిగాడు. "దేవుని పొట్టేలు బావా అది. దాన్ని తెచ్చి నా వాకిట్ల నిలబెట్టు. గప్పటిదాక మా అక్కను పంప."

సాయమ్మ లేచింది. "నన్ను పొట్టేలుకు జామీను పెట్టిన్రా ఇద్దరు గలిసి?" అని ఇద్దరినీ ఒకేసారి చూసింది. "ఆయన దేవుని సొమ్ము తిన్నడంటె నేను ఆ గడప తొక్క. తినలేదంటె, నువ్వు ఇంతమందిల దొంగ అన్నందుకు నీ ఇంట్ల నీళ్లు ముట్ట. ఏదో ఒకటి జల్ది తేల్చుండ్రి. నాకు ఒక ఇల్లన్న మిగలాలె గద."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నన్ను అడిగింది. "శేటూ, నీ డబ్బా ఎన్నడన్న తప్పు చెప్తదా?"

చెప్పదమ్మా అని ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పిన మాట ఆమెకు చెప్పలేకపోయాను. చూసి చెబుతానన్నాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపి, "ఫోటోలు తియ్యమంటె కాపురాలు తీసుకుంట కూసున్నవా?" అంది. పదిమందిలో పరువు పోయినా నర్సింహులు ఎట్లాగో బతుకుతాడు. సాయమ్మకు మాత్రం ఎటు తేలినా ఒక ఇల్లు పోతుంది. నాకు వేరే పొయ్యి మీద అన్నం పెట్టిన మనిషి పొయ్యి నా మూలంగా ఆరిపోయేలా ఉంది.

కెమెరా గడియారం తప్పయితే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను. తప్పు కాలేదు. దానికి ముందు తీసినది బంతిలో కూర్చుని తింటున్నవాళ్ల ఫోటో, తర్వాత తీసినది గిన్నెలు తోముతున్న ఆడవాళ్లది. ఫైలు నంబర్లు వరసగా ఉన్నాయి. అందరి నీడలూ మధ్యాహ్నం నీడల్లాగే ఉన్నాయి. నర్సింహులు చేతి గడియారం కూడా నా కెమెరాతో కుమ్మక్కయినట్టు అదే సమయం చూపిస్తోంది.

కెమెరా, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ప్యాసింజర్ ఎక్కి వికారాబాద్ పోయాను. అక్కడ గఫార్ భాయ్ అని కెమెరాలు రిపేరు చేసే పాత స్నేహితుడున్నాడు. ఆయన అల్లాను తప్ప దేన్నీ నమ్మడు, కెమెరాలనైతే అసలే నమ్మడు. రోజూ విప్పి చూసేవాడికి వాటి మీద భక్తి ఎట్లా ఉంటుంది?

కథంతా విని, "శేటు, మెటాడేటా అంటే ఏందనుకున్నవ్? కెమెరా తనకు తెలిసింది రాసుకుంటది. దానికి తప్పు తెలిస్తే తప్పే రాసుకుంటది. గంతే" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కెమెరా అంతా పరీక్షించాడు. గడియారం సరిగ్గా ఉంది. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడేలా చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, దయ్యాల ఫోటోలు చాలా వరకు దాని పుణ్యమే. అది ఆపి ఉందని జాతకంలోనే రాసి ఉంది. నా ప్రాణం మళ్లీ ఉన్నచోటికే పోయింది.

"సరే, ఒరిజినల్ ఏది?" అన్నాడు. "గిది నువ్వు కత్తిరించింది గద."

నిజమే. పెళ్లిచూపులకు పోయి, జాతకమంతా చదివి, పిల్ల మొహం చూడకుండా వచ్చినట్టుంది నా పని. కత్తిరించని ఫోటో నా దగ్గరే ఉంది, నేను అసలు ఫైళ్లు ఎప్పుడూ చెరపను. తెరిచాను.

ఎడమవైపు బకెట్లు, విస్తళ్లు. వాటి వెనక దేవుడు. దేవుడి ముందు ఆకులో తల. పసుపు దట్టంగా మెత్తడం వల్ల నుదుటి చుక్క కనబడలేదు. కానీ ఎడమ చెవి మా వైపే ఉంది. పెద్దది చేశాను. కొన చీలి ఉంది. బిళ్ల ఉంది. బిళ్ల మీద నంబరు ఉంది.

మెల్లగా కుడివైపుకు జరిపాను. గోడ దగ్గర నిలబడ్డ పొట్టేలు. చీలిన ఎడమ చెవి. బిళ్ల. అదే నంబరు.

గఫార్ భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అదే గుడ్డతో నా ల్యాప్‌టాప్ కూడా తుడిచాడు. నంబరు మారలేదు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఎన్నిసార్లు జరిపామో గుర్తు లేదు. ఒకే ఫోటో, ఒకే క్షణం, ఒకే పొట్టేలు. ఒక కొసన ఆకులో తల, ఇంకో కొసన నాలుగు కాళ్ల మీద నిలబడి మనుషులను చూస్తున్న నిండు పొట్టేలు.

"పా శేటు, చాయ్ తాగుదాం" అన్నాడు ఆయన. హోటల్లో రెండు చాయ్‌లు చెప్పి, రెండూ తానే తాగాడు. నేను అడగలేదు.

పొరపాటున ఒకే నంబరు రెండు బిళ్లల మీద పడి ఉండొచ్చు. ఒకే పోలికతో రెండు పొట్టేళ్లు ఉండొచ్చు. రెండింటికీ అదే చెవి అదే చోట చీలి ఉండొచ్చు. ఒక్కొక్కటి విడిగా అడిగితే దేనికీ కాదని చెప్పలేను. కానీ ఎల్లయ్య మందలో అలాంటి రెండోది లేదు, చుట్టుపక్కల ఎవరూ తప్పిపోయిందని వెతుక్కోనూ లేదు.

మర్నాడే బషీరాబాద్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఎల్లయ్య ఇంటికి పోయాను. అతను నర్సింహులుకూ పెంటయ్యకూ కబురు పెట్టాడు. విందు తిన్నవాళ్లంతా పిలవకుండానే వచ్చారు. ల్యాప్‌టాప్‌ను వాళ్ల టీవీకి కలిపి, ముందు తల చెవిని చూపించాను, తర్వాత నిలబడ్డ పొట్టేలు చెవిని చూపించాను. నంబర్లు ఎల్లయ్యతోనే చదివించాను. మొదటిది గట్టిగా చదివాడు. రెండోది సగం చదివి ఆగిపోయాడు.

"అంటె కోసింది సుక్కణ్ణే" అన్నాడు పెంటయ్య నెమ్మదిగా. "నర్సింలు మార్చలే. కోసిందీ వాణ్ణే, నిలబడ్డదీ వాడే."

కర్ణాటక నుంచి వచ్చిన ఒక చుట్టం "అయ్యో దేవరే" అని చెంపలు వేసుకున్నాడు. పూజారి లేచి, సుక్కడు ఆ రోజు ఒళ్లు విదిలించలేదని, తనకు అప్పుడే అనుమానం వచ్చిందని అన్నాడు. అప్పుడెందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు, అందరికీ అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. దేవుడు ఒప్పుకోనిదాన్ని తిన్నారు.

"నేను ముక్క ముట్టలే. ఉట్టి షోర్వనే తాగిన" అన్నాడొకడు.

"నాకు బొక్కలే వచ్చినయి" అన్నాడు ఇంకొకడు.

"నాకు ఆ దినం పన్ను నొప్పి" అంది ఒక ముసలమ్మ. ఆ రోజు ఆమె మూడోసారి వడ్డించుకుంటున్న ఫోటో నా దగ్గరే ఉంది. పోనీలే అని ఊరుకున్నాను. ఒక దూడంత పొట్టేలును ఎవరూ తినలేదని తేలిపోయేలా ఉంది.

నేను కంగారులో ల్యాప్‌టాప్ మూయబోయి ఏదో మీట నొక్కాను. పక్క ఫోటో వచ్చింది. పాడైందని నేను వదిలేసిన రెండో గ్రూప్ ఫోటో. మనుషులంతా కదలకుండా, స్పష్టంగా ఉన్నారు. వెనక గోడ దగ్గర పొట్టేలు మాత్రం నల్లటి మబ్బులా చెదిరిపోయి ఉంది. దాని చుట్టూ గాలిలో పసుపుపచ్చ గీతలు. నీటి తుంపరలు.

కెమెరా కదిలితే అందరూ చెదరాలి. అది ఒక్కటే చెదిరింది. ఒళ్లు విదిలిస్తోంది.

ఆ మాట నేను పైకి అనలేదు. గొర్లను కాసేవాళ్లకు నేను చెప్పాలా? వెనక నుంచి ఎవరో "ఇచ్చింది!" అన్నారు. తర్వాత ఇల్లంతా అరిచింది. పెంటయ్య టీవీకి దండం పెట్టాడు. షోర్వ మాత్రమే తాగినవాడు తాను రెండుసార్లు పెట్టించుకున్నట్టు ఒప్పుకున్నాడు. ఎల్లయ్య బావ దగ్గరికి పోయి కాళ్లు పట్టుకోబోతే నర్సింహులు లేవనెత్తి, ఏడుస్తూ కౌగిలించుకున్నాడు.

సాయమ్మ మాత్రం కదల్లేదు. అరుపులు తగ్గేదాకా ఆగింది.

"ముప్పై ఏండ్ల సంది మీ బావను చూస్తున్నవ్" అంది తమ్ముడితో. "ఒట్టు పెట్టుకున్నా ఆయన మాట నమ్మలే. సచ్చిన పొట్టేలు లేచొచ్చి సాక్ష్యం చెప్తె నమ్మినవ్."

కంప్యూటర్ చూపించిన మొదటి మాటకే నర్సింహులును దొంగను చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, నాకు సిగ్గేసింది. ఎల్లయ్య లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అక్క ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె సగం తాగి, సగం మొగుడికిచ్చి, పోదాం పా అంది. ఇద్దరూ మోటార్ సైకిల్ మీద కోట్‌పల్లి పోయారు. ఆమెకు రెండిళ్లూ మిగిలాయి.

ఆ రెండు ఫైళ్లనూ ఇప్పటికీ అప్పుడప్పుడు తెరుస్తుంటాను. తేదీ, సమయం, లెన్సు, షట్టర్, అన్నీ సక్రమంగా ఉంటాయి. తప్పు పట్టడానికి ఒక్క గీత దొరకదు. గఫార్ భాయ్‌ని అడిగితే మాట మార్చి, ఫ్యాన్లు ఎట్లా పాడవుతాయో చెబుతాడు. దయ్యాలున్నాయని నేను ఇప్పుడు కూడా అనను. స్టూడియోకు ఎవరైనా గుండ్రాల ఫోటో తెస్తే దుమ్మనే చెబుతాను. కాకపోతే ఇదివరకటిలా నవ్వడం లేదు.

కొన్నాళ్లకు సాయమ్మ ఫోన్ చేసి, కత్తిరించని ఆ మొదటి ఫోటోను పెద్దగా కట్టించి ఇమ్మంది. తెగిన తల ఉన్న ఫోటోను ఎవరైనా గోడకు పెట్టుకుంటారా అని నాకనిపించింది గానీ, ఆమెకు కాదని చెప్పే ధైర్యం లేదు. ఫ్రేము కట్టి పంపించాను. తర్వాత ఒకసారి వేరే పెళ్లికి కోట్‌పల్లి పోయినప్పుడు వాళ్లింటికి పోయాను. ముందు గదిలో, బీరప్ప పటం పక్కనే పెట్టారు. దానికి ప్లాస్టిక్ పూలదండ వేసి ఉంది. కానీ దండ ఫోటో అంతటికీ లేదు. రెండు మేకులూ ఎడమవైపే కొట్టి, తల ఉన్న సగానికే వేశారు. కుడివైపు సగం ఖాళీగా ఉంది.

జారిపోయిందేమో అనుకుని సర్దబోయాను. చాయ్ తెస్తున్న సాయమ్మ గట్టిగా ఆపింది.

"ఉండనియ్యి శేటూ" అంది. "బతికున్నోనికి దండ ఏస్తరా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకుని, చాయ్ తాగి వచ్చేశాను.